నీళ్లు తిరిగొచ్చే చోట

కొలను మీది పట్టా తీసి చెయ్యి పెట్టగానే ఈత టీచరు మసేగో చటుక్కున వెనక్కి లాక్కుంది. ప్రిటోరియాలో జులై అంటే నడి చలికాలం, నీళ్లు జివ్వుమన్నాయి. ఇంకాసేపట్లో ఈత నేర్చుకోవడానికి చిన్నపిల్ల గావొనే వస్తుంది. డిసెంబరు ఎండాకాలంలో వాళ్లన్న డ్యాంలో మునిగి చనిపోయినప్పటి నుంచి ఆ పిల్ల బకెట్ నీళ్లకు కూడా జంకుతోంది. వెచ్చగా ఉంటేనే, ఈ ఒక్కసారికే దిగుతానంది. లేదంటే ఇంకెప్పుడూ అడగొద్దంది.

గోడ పక్కన నీళ్లు వేడిచేసే హీట్ పంపు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. కేకేస్తే తమ్ముడు ఒబాకెంగ్ వచ్చి చూశాడు.

"ఇది పాడవలేదక్కా. నీళ్లు తిప్పే పంపు ఆగితే ఇదీ ఆగుతుంది. గాల్లోంచి లాగిన వేడి ఎక్కడ పెట్టమంటావు, నీ నెత్తినా?"

టైమర్ పెట్టె తెరిచి పకపకా నవ్వాడు. "చూడు, దీనికింకా తెల్లారలేదు! కరెంటు పోయినప్పుడల్లా ఈ గడియారమూ ఆగిపోయింది. పగలు తిరగాల్సిన పంపు రాత్రి చలిలో తిరిగింది. ఓవెన్ గడియారం మాత్రం ప్రతిసారీ సరిచేస్తావు, తిండి కావాలిగా!"

"నవ్వింది చాలు. పిల్ల వచ్చేలోపు వేడెక్కుతుందా?"

"సాయంత్రానికి కూడా ఎక్కదు." అతను టైమర్ చక్రం తిప్పాడు. పంపు గుర్రుమంది. కాసేపటికి హీట్ పంపు ఫ్యాను కదిలింది. "పిల్లకి నువ్వేం చెప్పకు. దిగాక అదే అలవాటవుతుంది."

గేటు చప్పుడైంది. పిల్లను తీసుకొచ్చిన వాళ్లమ్మ అక్కడే ఆగిపోయింది. గావొనే ఒక్కతే బూట్లతో గట్టు దాకా వచ్చింది.

"వెచ్చగా ఉన్నాయా ఆంటీ?"

ఉన్నాయి అనబోయి మసేగో ఆగింది. "లేవమ్మా. టైమర్ చూసుకోలేదు, తప్పు నాదే."

పిల్ల వెనక్కి అడుగు వేసింది.

"ఈ మూల ఒక్కటే కాస్త నయం..." మసేగో మెట్టు పక్కన గోడలోని రంధ్రం చూపించింది. "మిషన్లో వేడెక్కిన నీళ్లు ఇక్కడి నుంచే తిరిగొస్తాయి. వద్దనిపిస్తే వెళ్లిపో."

గావొనే ఆ రంధ్రం కేసి వంగి చూసింది. తర్వాత బూట్లు విప్పి, మెట్టు మీద కూర్చుని, గట్టు గట్టిగా పట్టుకుని ఒక కాలు ఆ ధార ముందు పెట్టింది.

"అన్న మునిగిన నీళ్లు చల్లగా ఉన్నాయా?"

ఒబాకెంగ్ తల తిప్పుకున్నాడు.

"లేదు," అంది మసేగో. "ఆరోజు ఎండ కదా. వెచ్చగానే ఉన్నాయి."

పిల్ల నీళ్లకేసి చూసింది. కాలు మాత్రం తీయలేదు.

"మీరూ కూర్చోండి ఆంటీ," అంది, కాస్త పక్కకు జరిగి.