నాలుగో ట్యాంకు

నాలుగో ట్యాంకులోంచి పైకి లాగేసరికి గంగాప్రసాద్ పెదవులు నల్లబడిపోయాయి. అరబ్బు దేశంలో నిజ్వా ఊరు దాటాక కొండల మధ్య ఉన్న ఆ ద్రాక్షరసం ఫ్యాక్టరీలో ఏటా పంట దిగేముందు ట్యాంకులు కడిగి, లోపల గంధకం పొగ వేస్తారు. ఆ పొగ పోకముందే మనిషిని దింపారు. మాస్కు లేదు. ఎల్లుండి పళ్ల లారీలు వస్తాయని తొందర.

దింపింది దేవదాసే. జగిత్యాలవాడు, అక్కడి కూలీలందరికీ మేస్త్రీ. మేనేజర్ ఆనందబాబు గద్దించగానే, "రెండు నిమిషాల పని తమ్మీ, దిగు" అన్నాడు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, గంగాప్రసాద్ ఇక లేడని.

మరునాడు అన్నాల వేళ ఆనందబాబు అరబ్బీలో రాసిన కాగితం తెచ్చాడు.

"రేపు పోలీసాయన వస్తాడు. అందరూ దీనిమీద సంతకాలు పెట్టెయ్యండి. దేవదాసూ, నువ్వు ముందు పెట్టు, నీ లీవు సంగతి నేను చూసుకుంటాను. ఇంటికెళ్లి మూడేళ్లయింది కదయ్యా!"

"ఏం రాసిన్రు సార్ ఇండ్ల?" అడిగాడు దేవదాసు.

"జరిగిందే రాశాం. నేనూ తెలుగోణ్ణే, మీకు అన్యాయం చేస్తానా?"

పాస్‌పోర్టులన్నీ అతని బీరువాలోనే ఉన్నాయి. సీజన్ అయ్యేదాకా గేటుకు తాళం. కంచె అవతల రాళ్లగుట్టలు. దేవదాసు పెన్ను అందుకున్నాడు. అంతలో నిజాముద్దీన్ కాగితం లాక్కున్నాడు. బోధన్ నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, అరబ్బీ వచ్చు.

"గంగన్న తాగి, ఎవ్వలకు చెప్పకుండ దిగిండని రాసిన్రు!"

సంతకాలు పడలేదు. ఆ సాయంత్రం కూలీలుండే రూమ్ అట్టుడికింది.

"సంతకం పెట్టకుంటే ఇమానం ఎక్కించి ఇంటికి తోలేస్తరు!" అన్నాడొకడు.

"రేపు నువ్వు సస్తే నిన్ను గూడ తాగుబోతనే రాస్తరు!" నిజాముద్దీన్ అరిచాడు.

దేవదాసు లేచాడు.

"వాణ్ణి దింపింది నేనే."

ఒకడు అతని కాలరు పట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు. దేవదాసు విడిపించుకోలేదు.

"నువ్వు దింపినవ్. నీకు చెప్పిందెవడు? గది చెప్పు పోలీసు ముంగట" అన్నాడు నిజాముద్దీన్. "మేమంత నీ ఎన్కనే ఉంటం."

"ఉంటరా?"

కాలరు పట్టుకున్నవాడే చెయ్యి వదిలి, "ఉంటం" అన్నాడు.

తెల్లారింది. లారీలు వచ్చి నిలబడ్డాయి. పనిలోకి ఒక్కరూ దిగలేదు. పోలీసు అధికారి ముందుకు దేవదాసు వచ్చాడు.

"నేనే దింపిన. మాస్కు అడిగితే ఈ మేనేజర్ సారే ఒద్దన్నడు."

నిజాముద్దీన్ ఆ మాట అరబ్బీలో చెప్పాడు. అధికారి రాసుకుని, దేవదాసును జీపెక్కించాడు.

"చూశారుగా! ఇక కదలండి, పళ్లు కుళ్లిపోతున్నాయి" అన్నాడు ఆనందబాబు.

గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు.

"పోయినేడు రెండో ట్యాంకుల నేను పడిపోయిన. మూడు దినాలు నెత్తురు కక్కిన. దవఖానకు తోల్కపోలే. రాస్కోర్రి."

"నా కండ్లు ఖరాబైనయ్. నాది గూడ రాయుర్రి."

"నాది గూడ!"

నిజాముద్దీన్ అన్నీ అరబ్బీలో చెప్పాక, అధికారి మొదటిసారి ఆనందబాబు వైపు తిరిగాడు. ఇదంతా నిజమేనా అని అడిగాడు. ఆనందబాబు లారీల వైపు చూశాడు.

జీపు కదిలింది. దేవదాసు వెనక అద్దంలోంచి చూశాడు. మనుషులంతా ద్రాక్ష లారీలను దాటుకుని, జీపు కోసం తెరిచిన గేటు దాటి, పోలీస్ స్టేషన్ దారి పట్టి నడిచి వస్తున్నారు.