ఈరమ్మ వంతు

“మొన్న ఆదివారం మీ ఆయన మాట్లాడితే అందరు ఒకటే చప్పట్లు, అక్కా!” అంది పావని, వాకిట్లో చెప్పులు విడుస్తూ.

సౌందర్య చాటలో బియ్యం ఏరుతోంది. పావని బళ్లో టీచరు. గద్వాల, ఇటిక్యాల వైపు పన్నెండు మందిని పోగుచేసి, పుస్తకాలు పంచుకుని చదివే పద్ధతి పెట్టింది ఆమే. పుస్తకం ఒక్కొక్కరి దగ్గర పదిహేను రోజులుంటుంది. ఆ తర్వాత రెండో మనిషికి స్వయంగా చేతికివ్వాలి. ఇచ్చేముందు వెనక ఖాళీ పేజీలో పేరూ ఊరూ, తోచిన ఒక్క మాటా రాయాలి. నెలకోసారి గద్వాలలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఈసారి తిరుగుతున్నది సంకర పత్తి విత్తనం తయారుచేసిన ఒక శాస్త్రవేత్త ఆత్మకథ.

పన్నెండు పేర్లలో సౌందర్య పేరు లేదు, భర్త శ్రవణ్ కుమార్ పేరుంది. “ఇంటికొక పేరు చాలదా?” అన్నాడాయన మొదట్లోనే. పుస్తకం తెచ్చేది ఆయన, చదివేది ఈమె. అన్నం తింటూ “ఏమున్నది అండ్ల? జల్ది చెప్పు” అంటాడు. ఈమె పులుసు పోస్తూ చెబుతుంది. డిగ్రీలో బోటనీకి కాలేజీ ఫస్టు వచ్చిన మనిషి మరి! ఎమ్మెస్సీ సీటొచ్చిన రోజు అత్త జములమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “సెట్ల గురించి సదువనీకె యూనివర్సిటీకి పోవాల్నా? మన సేన్ల సెట్లు లేవా?” అంది. అలా పద్నాలుగేళ్ళుగా సౌందర్య ఆ చేలోనే ఉంది. పొద్దున్నే పదిహేను మంది కూలీలకు చాయ్ మోస్తుంది, మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ వండుతుంది. “మీ అమ్మ ఏం పని చేస్తది?” అని బళ్లో ఎవరైనా అడిగితే కూతురు తేజస్విని “మా అమ్మ ఖాళీగనే ఉంటది” అని చెబుతుంది.

తన వంతు పుస్తకం తీసుకుపోవడానికొచ్చిన పావని వెనక పేజీ తెరిచి పైకి చదివింది. “‘పువ్వుకు పువ్వుకు పెండ్లి చేసిన చేతులకు పేరు లేదు గాని, జీపు తోలినాయనకు పేరున్నది.’ శ్రవణ్ కుమార్, ఇటిక్యాల. ఎంత మాటక్కా! ఆడోళ్ళ కష్టం గింత తెలిసిన మగాయన దొరికిండంటే నీ అదృష్టం.”

సౌందర్యకు ఒళ్ళు భగ్గుమంది. ఇంతకుముందూ ఆయన తన మాటలు ఎత్తుకుపోయాడు గానీ ఇలా పేరు పెట్టి రాసుకోవడం ఇదే మొదలు. ఆ మాట ఆయనది కాదు, చెప్పింది నేను, అనాలని నోరు తెరిచింది. నేను చెప్పాను, సరే. నాకెవరు చెప్పారు?

ఆ ఆదివారానికి వారం ముందు, చేలో క్రాసింగ్ పని జోరుగా సాగుతోంది. మధ్యాహ్నం మొగ్గల్లో రేకులూ కేసరాలూ గోటితో గిల్లేయాలి, మర్నాడు పొద్దున్నే మగపూలు తెచ్చి ఒక్కో పువ్వుకూ పుప్పొడి రుద్దాలి. సౌందర్య గట్టు మీద కూర్చుని పుస్తకం చివర్లో ఆ పెద్దాయన చెప్పిన కృతజ్ఞతలు పైకి చదివింది. మంత్రిగారు, గురువుగారు, చివరికి జీపు డ్రైవరు కూడా పేరుతో సహా ఉన్నారు. పూలకు పుప్పొడి రుద్దినవాళ్ళు ‘కూలీలు’ అన్న ఒక్క ముక్కలో సరిపోయారు. సాలులోంచి తల తిప్పకుండానే ఆ పువ్వుల పెండ్లి మాట అన్నది కూలికొచ్చిన ఈరమ్మ. అందరూ గొల్లున నవ్వారు. “ఏదమ్మా, ఆయన ఫోటో జర సూపియ్” అని ఈరమ్మ దగ్గరికొస్తే, సౌందర్య పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని, “చేతులకు పుప్పొడున్నది, మరకైతది” అని దూరం నుంచే చూపించింది. ఆ చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చినా తను ఇచ్చేది కాదు. ఆ సంగతి ఈరమ్మకూ తెలుసు, తనకూ తెలుసు.

ఆ రాత్రి అన్నం దగ్గర అదే మాట భర్తకు చెప్పింది. ఈరమ్మ అన్నదని చెప్పలేదు. కూలిమనిషి మాటంటే ఆయన వినడని అప్పుడు సర్దిచెప్పుకుంది గానీ, అదంతా ఉత్తిది. ముద్ద నోటి దగ్గర ఆపి ఆయన “అబ్బో! నీకు గింత తెలివున్నదా?” అన్నాడు. పద్నాలుగేళ్ళకు దొరికిన మెప్పు. మూడు రోజులు దాన్ని బెల్లంముక్కలా చప్పరించింది. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలిపోతున్నాయి. ఆయన కంటే ముందు దొంగ తనే. పైగా ఆయన మీద కోపం తెచ్చుకోబోయిన దొంగ!

“రేపిస్త పావనీ, పుస్తకంల రాసేది ఇంకొంచెం ఉన్నది” అంది, తలెత్తకుండా.

మర్నాడు పొద్దున్నే చాయ్ క్యాను ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో చేలోకి వెళ్ళింది. ఈరమ్మ సాలు మధ్యలో ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఈరమ్మ చేతిలో పువ్వు పని ముగించి గానీ మాట్లాడలేదు. “అంటే నా మాట నువ్వు తిన్నవు, నీ నోట్లది మీ ఆయన గుంజుకున్నడు. గంతేనా?”

“గంతే.”

“మరి ఇప్పుడేం జేస్తవు?”

“నీ పేరు రాస్త. మేమేం జేసినమో గూడ రాస్త. అందరు సదువుతరు.”

“మీ ఆయన ఊకుంటడా?”

“ఊకోడు.”

ఈరమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. జాలేమీ లేదు ఆ చూపులో. “పేరు రాసినోళ్ళ తాన పుస్తకం ఎన్నొద్దులుంటదంటివి?”

“పదిహేను.”

“అయితే నా పదిహేనొద్దులు నాకియ్యి. నాకు సదువు రాదు. పొద్దుగూకంగ మా ఇంటికొచ్చి నువ్వే సదువాలె. సేన్ల కాదు, పని మీదుంటే సగం మాటలు ఇనవడయి.”

పదకొండేళ్ళుగా ఈరమ్మ తన చేలోకి వస్తోంది. ఈరమ్మ ఇల్లు ఏ వాడలో ఉందో తెలుసు గానీ ఆ వాడలోకి తనెప్పుడూ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎవరూ అడగలేదు కాబట్టి, ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని ఊరుకుంది.

గట్టు మీదే కూర్చుని, భర్త రాసిన వాక్యం కింద రాసింది: ‘ఈ మాట ఈరమ్మది. నాదన్నట్టు మా ఆయనకు చెప్పాను. ఆయన తనదని రాశాడు. ముందు తప్పు నాది. సౌందర్య, ఇటిక్యాల.’ రాస్తుంటే పన్నెండు మంది కళ్ళూ అప్పుడే తన మీద ఉన్నట్టు అనిపించింది. అయినా పూర్తిచేసి పుస్తకం చాచింది. ఈరమ్మ చేతులు కొంగుకు తుడుచుకోకుండానే అందుకుంది. అట్ట మీద పచ్చగా వేళ్ళు పడ్డాయి. సౌందర్య, పుస్తకం పదిహేను రోజులు ఆలస్యమవుతుందని అక్కడినుంచే పావనికి ఫోన్ చేసి చెప్పింది.

పొద్దు గుంకేవేళ ఇంట్లో చెప్పులు తొడుక్కుంటుంటే శ్రవణ్ కుమార్ టీవీ ముందు నుంచి తల తిప్పాడు. “యాడికి?”

“ఈరమ్మ ఇంటికి. పుస్తకం ఆమె తానున్నది.”

“ఈరమ్మ తాననా? ఆమెకు పుస్తకమెందుకు? మరి బువ్వ?”

“వెనక పేజీల ఏం రాసిన్నో వచ్చినంక చెప్త. బియ్యం నిన్ననే ఏరిపెట్టిన” అని బయటపడింది.

ఈరమ్మ ఇంట్లో పొయ్యి మండుతోంది. పుస్తకం గూట్లో నిలబెట్టి ఉంది. సౌందర్య వాకిట్లో ఆగిపోయింది. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియలేదు. తన వాకిట్లో ఈరమ్మ పదకొండేళ్ళుగా ఎక్కడ నిలబడుతోందో మాత్రం మొదటిసారి కళ్ళకు కట్టింది.

“గాడ నిలవడి సదువుతవా ఏంది?” పొయ్యి దగ్గర్నుంచి ఈరమ్మ కేకేసింది. “లోపలికి రా. మా ఇంట్ల ఎవ్వరిని బయట నిలవెట్టం.”