జయరామప్ప ఎడమ కన్ను

చిక్కపేటలో జయరామప్ప చీరల అంగడికి వాకిలి ఆయన ఎడమ పక్కన. కొనేవాళ్లు బేరమాడితే ఆయన నోరు విప్పడు. వాకిలి వైపు చూస్తే ధర తగ్గించొద్దని, ఎదురుగా నిలబడే తనవైపు చూస్తే తగ్గించమని గుమాస్తా ఓబులేషుకు తెలుసు.

గుండె రక్తనాళంలో స్టెంటు వేసేటప్పుడు చిన్న రక్తపు గడ్డ మెదడుకు పోయి, జయరామప్ప ఎడమ కన్ను ఎడమకు తిరగడం మానేసింది. ఇలా అరుదుగా అవుతుందని, మెల్లగా సర్దుకోవచ్చని డాక్టరు చెప్పాడు. అందాకా ఇంట్లో కూర్చునే మనిషా ఆయన!

ఆయన మళ్లీ అంగడికొచ్చిన రోజే, ఏళ్లుగా అక్కడే కొనే కెంపమ్మ పట్టుచీర బేరమాడింది. జయరామప్ప వాకిలి వైపు చూశాడు. కుడి కన్ను వెళ్లింది. ఎడమది ఓబులేషు మీదే నిలిచిపోయింది.

ఓబులేషు రెండు కళ్లనూ మార్చి మార్చి చూశాడు. "అప్పా, ఏ కన్ను మాట ఇనాల?"

కెంపమ్మ చీర చంకన పెట్టుకుని ఓబులేషుతో అంది:

"నిన్ను చూస్తా ఉండే కన్ను మాటే ఇనప్పా."