పుస్తకంలో లేని దెబ్బ

నానబెట్టిన ఖాకీ నిక్కరును కమలాక్షమ్మ బండకేసి బాదుతుంటే, పెరట్లో అవతలి పక్క ఆమె మొగుడు లక్ష్మీనారాయణ గోల్ఫు కర్రతో నేలను బాదుతున్నాడు. బంతి కదల్లేదు. మన్ను లేచి ఆరేసిన చీర మీద పడింది.

"నువ్వు ఆడ దబదబా కొడ్తాంటే ఈడ నాకు గురెట్లా కుదుర్తాదే?" అన్నాడు.

లక్ష్మీనారాయణ ఆళ్లగడ్డలో కాలవల ఓవర్సీరు. నంద్యాలకు కొత్తగా వచ్చిన ఇంజనీరుకు మద్రాసులో అంటుకున్న గోల్ఫు పిచ్చి. పాత కర్ర, అరడజను బంతులు ఇతని చేతిలో పెట్టి, "వచ్చే నెల తనిఖీకొస్తా, ఆడదాం" అన్నాడు. ఆ రోజు నుంచి కమలాక్షమ్మకు నీళ్లు, అంట్లు, పేడకళ్లు, అత్త రామేశ్వరమ్మకు కాళ్లు పిసకడం చాలనట్టు ఇంకో పని పడింది. వంకరగా పోయిన బంతులను తుమ్మముళ్లలో వెతికి తేవాలి. ముల్లు దిగిన కాలితో కుంటుతూ తెచ్చిస్తే, "బేగా తేలేవా?" అనేవాడు.

ఇరవై రోజులు చూసింది. చూసేకొద్దీ ఒళ్లు మండేది. భుజాలు బిగించి చేతుల బలంతోనే కొడతాడు. దుప్పట్లు అట్లా ఉతికితే మధ్యాహ్నానికే రెక్కలు పడిపోతాయి. బరువు కుడికాలి మీదికి తీసుకుని, నడుము తిప్పుకుంటూ ఎడమకాలి మీదికి రావాలి, చేతులు వాటంతటవే వెంట వస్తాయి. పదమూడేళ్ల చాకిరీలో ఆమెకది ఎవరూ నేర్పలేదు. నొప్పే నేర్పింది.

ఒకనాడు ఉండబట్టలేక అనేసింది. "చేతుల్తో కొడ్తాండారు. ముందు నడుం తిరగల్ల. తల ఎత్తద్దు."

రామేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మొగునికి నడుం తిప్పేది నేర్పే ఆడదాన్ని యాడా చూడలే!"

లక్ష్మీనారాయణ నవ్వాడు. మర్నాడు ఆమె బావి నుంచి వచ్చేసరికి మాత్రం బంతి కంచె దాటి తిన్నగా ఎగురుతోంది. ఆ తర్వాత రోజూ, అమ్మ దగ్గర్లో లేదని చూసుకుని, గొంతు తగ్గించి, "యాడ తప్పు పోతాండా, చూడు" అనేవాడు. ఆమె అతని నడుము పట్టుకుని తిప్పి చూపేది.

ఇంజనీరు, ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ వచ్చారు. తనిఖీకొచ్చినోళ్లు దిగే బంగళా వెనక బీడులో లక్ష్మీనారాయణ కొట్టిన బంతి కనుచూపు మేర పోయింది.

"ఎవరు నేర్పారయ్యా?"

"పుస్తకం చూసి నేర్చుకున్నా సార్."

ఇంట్లో చేసి తెచ్చిన తీపి ఓళిగలు వడ్డిస్తున్న కమలాక్షమ్మ చెయ్యి ఆగింది. ఉమామహేశ్వరమ్మ సరదాగా కర్ర అందుకుని రెండుసార్లు గాలిని కొట్టింది. కమలాక్షమ్మ నోరు తనంతట తానే తెరుచుకుంది. "నడుం తిప్పమ్మా. చేతుల్ని వదిలెయ్." ఈసారి బంతి చప్పుడు చేస్తూ ఎగిరింది.

ఇంజనీరు పడీపడీ నవ్వాడు. "ఓవర్సీరు గారూ, మీ పుస్తకం ఓళిగలు కూడా వడ్డిస్తుందే!"

ఉమామహేశ్వరమ్మ నవ్వలేదు. "ఆదివారం నంద్యాలకు రా కమలాక్షమ్మా. మా క్లబ్బు ఆడవాళ్లకు నేర్పుదువు."

"దానికి ఇంట్లో పనుంటాదమ్మా," అన్నాడు లక్ష్మీనారాయణ పళ్లు బయటపెట్టి.

ఇంటికొచ్చి తలుపు వేశాడు. "నలుగుర్లో నా మానం తీస్తావా?" అని కొట్టాడు. దెబ్బ తగిలే ముందు కమలాక్షమ్మ అంతా చూసింది. కుడికాలి మీద బరువు. ముందు నడుము తిరిగింది, తర్వాత భుజం, ఆ వెనక చెయ్యి. తల ఎత్తలేదు. ఒక్క తప్పు లేదు. పెళ్లైన ఇన్నేళ్లలో అతడు కొట్టిన దెబ్బల్లో ఆమెను నేల మీద పడేసింది అదొక్కటే. నేల మీద నుంచి చూస్తే అతడు చేతిని సంతోషంగా చూసుకుంటున్నట్టు అనిపించింది. ఏడుపు రాలేదు. నా ఒళ్లు నేర్చుకున్నదాన్ని నేనే తీసి ఇచ్చానే అనుకుంది. అన్నమూ నా చేతిదే, ఉతుకూ నా చేతిదే, చివరికి ఈ దెబ్బ కూడా నాదేనా?

మూడు రోజులకు మళ్లీ అతని బంతి వంకర పోయింది. "చూడు, యాడ తప్పు?" అన్నాడు. ఎడమ మడమ లేస్తోంది. ఆమెకు కనబడింది. "నాకేం తెల్సు?" అంది.

ఆదివారం పొద్దున వాచిన బుగ్గను కొంగుతో కప్పుకోకుండానే చెప్పులు వేసుకుంది. వాకిట్లో రామేశ్వరమ్మ అడ్డం వచ్చింది.

"ఏందీ? ఎవర్నడిగి పోతాండావే నంద్యాలకు?"

"అడగలే అత్తా," అంది కమలాక్షమ్మ. "చెప్తాండా."