పేరు రాసిన ఓటు

ఇరవై రెండేళ్లుగా ఎన్నికల రోజున మా ఊరి చర్చి హాల్లో పోలింగ్ గుమాస్తాగా బల్ల వెనక కూర్చుంటున్నాను. అంత దిక్కుమాలిన రోజు ఇంకోటి చూడలేదు. నవంబరు నెల, బయట సన్నటి వాన. పోలీసుల మీద అజమాయిషీకి ఒక కమిషనర్ని జనమే ఎన్నుకోవాలని లండన్‌లో ఎవరికో బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి పుట్టినవాళ్లు ఇంటింటికీ ఒక కరపత్రమైనా పంపారా అంటే అదీ లేదు. అభ్యర్థులెవరో కంప్యూటర్లో చూసుకోవాలట. మా వీధుల్లో సగం మందికి కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు. ఊళ్లో ఉన్న ఒక్క పోలీసు స్టేషనూ మూసేసి తివాచీల కొట్టుకి అద్దెకిచ్చారు. ఇంక ఓటెవరు వేస్తారు, నా మొహం!

పొద్దున ఏడింటికి తలుపులు తీస్తే మధ్యాహ్నం దాకా పదకొండు మంది వచ్చారు. పన్నెండో ఆయన కుక్కను గేటుకి కట్టేసి తల లోపలికి పెట్టి, "ఇవాళ పాత బట్టల అమ్మకం లేదా?" అన్నాడు.

"లేదండీ, ఓట్లు. పోలీసు కమిషనర్‌కి," అన్నాను.

"పోలీసులకి ఓట్లేంటమ్మా? రేపు పళ్ల డాక్టరుకి కూడా పెడతారా?" అని నవ్వి, కుక్కను విప్పుకుని వెళ్లిపోయాడు.

మా పోలింగ్ అధికారి డెరెక్ ఔట్రమ్, లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాడు. "ఈ హీటరు ఓటర్ల కోసం కాదు పాలీన్, మన శవాలు గడ్డకట్టకుండా," అన్నాడు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

రెండింటికి మిసెస్ ట్రాంటర్ వచ్చింది. మా పక్క వీధిలో ఒంటరిగా ఉంటుంది. ఎనభైకి దగ్గర పడింది. ఓటుకని మంచి కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చింది. ఓటు కాగితం చేతికిస్తే కదలకుండా అక్కడే నిలబడింది.

"వీళ్లలో పిలిస్తే వచ్చేవాడెవడమ్మా?"

"అది మేం చెప్పకూడదు మిసెస్ ట్రాంటర్."

"పద్నాలుగు నెలల్నించి ఎవరో వెధవలు నా తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి టపాకాయలు వేస్తున్నారు. పోయిన నెల తివాచీ అంటుకుంది. నేను మెలకువగా ఉన్నాను కాబట్టి బతికాను. ఫోన్ చేసినప్పుడల్లా ఫిర్యాదు నంబరు ఇస్తారు. పదిహేడు నంబర్లున్నాయి నా దగ్గర. మనిషన్నవాడు ఒక్కడు రాలేదు."

డెరెక్ విసుగ్గా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ కాగితం మీదే రాసి పడెయ్యండి. పిచ్చిరాతలున్న కాగితాలన్నీ లెక్కింపులో అభ్యర్థుల మనుషులకి చూపించి తీరాలి. ఒక్కటి వదలకుండా చదువుతారు."

వేళాకోళానికే అన్నాడు గానీ అందులో అబద్ధం లేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. చెక్క అడ్డం వెనక్కి వెళ్లింది. దారానికి కట్టిన పెన్సిలు పది నిమిషాల పాటు గరగరలాడింది.

నిబంధనలో మిగతా సగం నాకు తెలుసు. ఓటరు ఎవరో పోల్చుకునేలా ఏదైనా రాసి ఉంటే ఆ ఓటు చెల్లదు. లేచి నాలుగడుగులు వేసి, 'పేరు మాత్రం రాయకండి, రాసి ఉంటే తెచ్చిచ్చేయండి, ఇంకో కాగితం ఇస్తాం' అంటే సరిపోయేది. ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను. ఎవడు గెలిస్తే ఏం ఒరుగుతుంది అనుకున్నాను. కాళ్లు లాగుతున్నాయి. ఇప్పుడు ఎన్ని చెప్పుకున్నా బద్ధకం బద్ధకమే.

"శుభ్రంగా రాశాను," అని ఆవిడ కాగితం మడిచి పెట్టెలో వేసింది.

మర్నాడు ఆటల హాల్లో లెక్కింపు. అక్కడా నాకు పని పడింది. మా పెట్టెలో పందొమ్మిది వందల ఓట్లకి నూట నలభై మూడు కాగితాలున్నాయి. పిచ్చిరాతలవి ఒక ట్రేలో వేశాం. 'పోలీసులకి రాజకీయాలొద్దు' అని కొందరు, 'ఎవరు వీళ్లంతా?' అని కొందరు రాశారు. ఒకడు పంది బొమ్మ వేశాడు. లెక్కింపు అధికారి ఒక్కోటి ఎత్తి చూపిస్తుంటే ఏజెంట్లు మెడలు చాచి చూసి నవ్వుకున్నారు.

తర్వాత ఆవిడది వచ్చింది. ఒక పేరు ఎదురుగా చక్కగా గుర్తు వేసి ఉంది. మిగతా కాగితమంతా అంచు నుంచి అంచు దాకా గుండ్రటి అక్షరాలు. టై కట్టుకున్న ఏజెంటు ఒకడు ఆఖరి వాక్యం పైకి చదివాడు: "మర్యాదస్తులు పేరు దాచుకుని ఉత్తరాలు రాయరు కాబట్టి నా పేరు, చిరునామా ఇస్తున్నాను. ఐరిస్ ట్రాంటర్..."

"పేరుంది. చెల్లదు," అన్నాడు అధికారి.

ఎవరూ వాదించలేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. సాయంత్రం గెలిచినాయన మైకు ముందు నిలబడి ఇది ప్రజల తీర్పన్నాడు. "ఏ ప్రజలు?" అని నా పక్క గుమాస్తా గొణిగాడు.

శనివారం పొద్దున ఆవిడ ఇంటికి వెళ్లాను. లెక్కింపులో చూసినవి బయట చెప్పనని సంతకం పెట్టినదాన్ని. ఎలా ఉందో చూసి వచ్చేద్దామనే బయల్దేరాను. తలుపు తట్టీ తట్టకముందే తీసింది. ఒంటి మీద అదే మంచి కోటు.

"నువ్వా తల్లీ! పోలీసువాళ్లనుకున్నాను. చదివారా?"

"చదివారు."

"నా పేరు చూశారా?"

"అదే ముందు చూశారు."

"నే చెప్పలా? రా, టీ తాగుదువు గానీ." బల్ల మీద మంచి కప్పులు మూడు సిద్ధంగా ఉన్నాయి. తలుపు దగ్గర నేల మీద ఒక చెక్కముక్క, వంకర పోయిన మేకులు పడున్నాయి. నా చూపు అటు పోవడం చూసి ఆవిడే చెప్పింది. "తివాచీ కాలినప్పుడు ఆ సందుకి అడ్డంగా కొట్టించాను. పొద్దున్నే పీకేశా. వాళ్లు ముందు ఉత్తరం పంపితే లోపలికి ఎలా వస్తుంది మరి?"

ఇంక సంతకమూ లేదు, గింతకమూ లేదు అనుకున్నాను. "మిసెస్ ట్రాంటర్, మీ ఓటు చెల్లలేదు. పేరు రాశారని పక్కన పడేశారు. ఎవరూ రారు. నాకు ముందే తెలుసు, చెప్పకుండా కూర్చున్నాను."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది.

"పేరు రాయకపోతే," అంది, "ఏ ఇంటికి రావాలో వాళ్లకెలా తెలుస్తుందమ్మా?"

నేల మీది చెక్కముక్క చేతిలోకి తీసుకుని, సుత్తి ఎక్కడుందని అడిగాను.