మాట పడిపోయిన కంప్యూటర్

దసరా సెలవులయ్యాక కొట్టు తెరిచిన రోజున హఫ్సా కంప్యూటర్‌కి మాట పడిపోయింది.

మామూలుగా స్విచ్ వేస్తే చాలు, అది వాగడం మొదలుపెడుతుంది. తెరమీద ఏముంటే అది గడగడా చదివేస్తుంది, ఏ మీట నొక్కితే ఆ అక్షరం పలుకుతుంది. పుట్టుకతోనే చూపులేని హఫ్సా ఆ గొంతును నమ్ముకునే, వన్ టౌన్‌లోని ఈ పూజా సామాన్ల హోల్‌సేల్ కొట్టులో ఫోన్ ఆర్డర్లు ఎక్కిస్తోంది. ఇవాళ దాని లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అవతల కార్తీకమాసం ముంచుకొస్తోంది. గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ వత్తులకీ సాంబ్రాణికీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

యజమాని వెంకటకృష్ణారావు గారు మెకానిక్ సురేష్‌కి ఫోన్ కలిపారు. నాడి పట్టకుండానే మందు రాసే రకం సురేష్.

"సౌండ్ కార్డ్ పోయుంటుందండీ. కంప్యూటర్‌కి గొంతు అదేగా! రేపో ఎల్లుండో కొత్తది తెచ్చి వేస్తా," అన్నాడు.

రావు గారు ఫోన్ పెట్టేసి, "పోనీలే హఫ్సా, ఇవాళ్టికి ఇంటికెళ్ళమ్మా. మా మేనల్లుడు ఖాళీగానే ఉన్నాడు, వాణ్ణి కూర్చోబెడతా," అన్నారు.

మంచి మనసుతోనే అన్నారు. హఫ్సాకి భయం వేసింది ఆ మంచి మనసుకే. ఇదివరకు చేసిన ఆఫీసులోనూ ఇలాగే, ఎంతో మర్యాదగా, ఇవాళ్టికి ఇంటికెళ్ళమన్నారు. మళ్ళీ రమ్మని ఎవరూ పిలవలేదు. ఒకసారి ఇంకొకరు కూర్చున్న కుర్చీ తిరిగి ఖాళీ కావడం ఎంత కష్టమో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

"భోజనాల వేళ దాకా ఆగండి రావు గారూ. నేనే చూసుకుంటా."

"నువ్వు చూస్తావా?" అనేసి ఆయన నాలిక కరుచుకున్నారు.

"చూస్తానండీ," అంది హఫ్సా, కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కుని.

ముందు స్పీకర్ సంగతి తేల్చుకుంది. దాని వైరు పీకి తన ఫోన్‌కి తగిలిస్తే, ఫోన్ గొంతు కొట్టంతా మోగింది. స్పీకర్ది తప్పు కాదు. వైరును మళ్ళీ కంప్యూటర్ వెనక బిగించి, ఆపి, మళ్ళీ పెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక మిగిలింది తెర. తెరమీద ఏముందో చెప్పాల్సిన గొంతే కదా మూగబోయింది! అయితే హఫ్సా ఫోన్‌లో ఒక యాప్ ఉంది. కెమెరా ఎదురుగా అక్షరాలుంటే చదివిపెడుతుంది. ఇంట్లో మందుల అట్టలు దాంతోనే చదువుకుంటుంది. అలవాటైన మీటలు నొక్కి సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, ఫోన్‌ని తెరకేసి పట్టుకుంది. అది సగం సగం ముక్కలు చదివి విసిగించింది. చెయ్యి లాగేస్తున్నా హఫ్సా దించలేదు. కాస్త పైకీ, కాస్త పక్కకీ జరుపుతూ పోయింది. చివరికి ఒక మాట స్పష్టంగా వినిపించింది: "హెడ్‌ఫోన్స్."

అంటే కార్డు పోలేదు. ఎవరో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నారనుకుని, కంప్యూటర్ మాటలన్నీ అటు పంపిస్తోంది. ఈ కొట్టులో హెడ్‌ఫోన్స్ ఎవరికున్నాయి?

కిందికి వంగి కంప్యూటర్ డబ్బా ముందువైపు తడిమింది. హెడ్‌ఫోన్స్ గుచ్చుకునే గుండ్రటి కన్నం అక్కడే ఉంటుంది. ఎప్పుడూ నున్నగా, చల్లగా తగిలే దాని అంచు ఇవాళ గరుకుగా ఉంది. వాసన చూసి లాభం లేదు, కొట్టంతా అదే వాసన. వేళ్ళతో నలిపి చూసుకుంది. ఎండిన గంధం, మీద కుంకుమ. అది కన్నంలోకి దిగి, హెడ్‌ఫోన్స్ గుచ్చినట్టే లోపలి స్ప్రింగుని నొక్కిపెట్టింది.

హఫ్సాకి ఒళ్ళు మండింది.

"బసవయ్య తాతా! ఆయుధ పూజనాడు దీనికి బొట్టు ఎవరు పెట్టారు?"

కాటా దగ్గర పసుపు తూస్తున్న ముసలాయన సంబరంగా వచ్చాడు. "నేనేనమ్మా! కాటాకి పెట్టా, ట్రాలీకి పెట్టా. నీకు కళ్ళు ఇదేగా అని దీనికి గంధం కాస్త ఎక్కువే దట్టించా. నడిమధ్యన గుండ్రంగా తగిలితే అదే నుదురనుకున్నా." అంతలోనే ఆయన గొంతు దిగిపోయింది. "ఏమ్మా, నా వల్లేనా?"

హఫ్సా కోపం ఎటుపోయిందో పోయింది. ఈ కొట్టులో తన కోసం ఒకరు దండం పెట్టుకున్నారన్న సంగతి ఆ పిల్లకి ఇప్పుడే తెలిసింది.

"ఒక అగరుబత్తి, నాలుగు వత్తులు ఇవ్వు తాతా," అంది మెల్లగా.

కరెంటు తీసేసి, అగరుబత్తి ఒట్టి పుల్ల వైపు వత్తి చుట్టి, కన్నంలో పెట్టి తిప్పింది. గట్టిగా పొడిస్తే లోపలి స్ప్రింగు విరుగుతుంది. వత్తి మార్చింది, మళ్ళీ తిప్పింది. బయట రావు గారు పిలిపించిన మేనల్లుడి బండి వచ్చి ఆగింది. హఫ్సా తల తిప్పలేదు. వత్తికి ఇక ఏమీ అంటుకోవడం లేదని వేలు చెప్పాకే స్విచ్ వేసింది.

ఫ్యాను తిరిగింది. బసవయ్య కాటా వదిలేసి నిలబడిపోయాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత కంప్యూటర్ ఒక్కసారిగా గడగడా వాగడం మొదలుపెట్టింది.

రావు గారు పరుగున వచ్చారు. "కార్డు పోయిందన్నాడే వాడు! ఏమైందమ్మా?"

"కార్డు బానే ఉందండీ. కాస్త దుమ్ము పట్టింది, అంతే," అని హఫ్సా మోగుతున్న ఫోన్ ఎత్తింది. "అవనిగడ్డా? చెప్పండి, రాసుకుంటున్నా."

ఆర్డరు ఎక్కిస్తున్న హఫ్సాని చూసి, మేనల్లుడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు బసవయ్య కుర్చీ దగ్గరికొచ్చి, "వచ్చే దసరాకి దీని జోలికి రానమ్మా," అన్నాడు.

"అదేం మాట తాతా! వచ్చే దసరాకీ నేనిక్కడే ఉంటా, దీనికి బొట్టు పెట్టాల్సిందే," అంది హఫ్సా. "కాకపోతే తెరకి పెట్టు. నిండా పెట్టు. దాంతో నాకేం పని?"