కుడివైపు ఫొటో

గ్లాసులో టీ మూడు వేళ్ల ఎత్తు ఉండాలి. రెండున్నరే ఉంది. గుర్తులక్క తన వేళ్లు గ్లాసుకు ఆనించి చూసి, షూటింగ్ సెట్టులో సామాను చూసుకునే మనిషి వైపు తల తిప్పింది.

"అరవేలు తక్కువైంది నాయనా."

"అరవేలు ఎవరు చూస్తారక్కా?"

"నేను చూశాగా."

అతను గొణుక్కుంటూ టీ పోశాడు. ఆమె మెడలో తాడుకు వేలాడుతున్న పెన్సిలు అందుకుని పుస్తకంలో రాసుకుంది. ఆ పెన్సిలుకు ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. కదిలినవాటిని ఎరుపుతో రాస్తుంది, కదపకూడనివాటిని నీలంతో. నిన్న ఆగినచోటే ఇవాళ దృశ్యం మొదలవుతుంది గనక నిన్నటి గది నిన్నటిలాగే ఉండాలి. తలుపు ఎంత తెరిచి ఉంది, చొక్కా చెయ్యి ఎన్ని మడతలు, కుర్చీ మీద తువ్వాలు ఎటు జారింది, అన్నీ ఆమె రాసుకోవాలి. ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఇదే. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు.

పొట్టి మనిషి. కత్తిరించిన నెరిసిన జుట్టు. ఒక జత కళ్లద్దాలు ముక్కు మీద, ఒక జత నుదుటి మీద. ఈమధ్య కాళ్లు వాస్తున్నాయని బూట్ల తాళ్లు వదులుగా కట్టుకుంటోంది. సెట్టుకు ఉన్నవి నాలుగే మెట్లు. రెండో మెట్టు దగ్గర ఆగి, ఏదో చూస్తున్నట్టు నటించి, ఊపిరి కూడదీసుకుని మిగతా రెండూ ఎక్కుతుంది. ఆ సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

తీస్తున్నది ఒక కామిక్స్ కథను పట్టుకుని చేసిన సీరియల్. అందులో నాయిక తాళాలు బాగుచేసే మనిషి. తాళాన్ని ముట్టుకుంటే చాలు, చివరిసారి వేసినవాళ్లు ఎవరో, ఏ దిగులుతో వేశారో ఆమెకు తెలిసిపోతుంది. మొదటి పుస్తకాల్లో ఆమె తీగ మీద నడిచే సర్కస్ అమ్మాయిని ప్రేమిస్తుంది, ఆ అమ్మాయి చనిపోతుంది. ఏడో పుస్తకంలో ఒక డాక్టర్ని ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. ఇద్దరి మీదా ప్రేమ నిజమే. టీవీలో రెండో భాగం ఆ పెళ్లి తర్వాత మొదలైంది. నాయిక ఇంట్లో అలమర మీద రెండు ఫొటోలు ఉంటాయి. ఎడమవైపు పెళ్లి ఫొటో, కుడివైపు సర్కస్ అమ్మాయి.

పదకొండు గంటలకు చానెల్ నుంచి ఒకాయన వచ్చాడు. అలమర వైపు వేలు చూపించాడు.

"ఆ రెండోది తీసేయండి. బైసెక్సువల్ అదీ ఇదీ అంటే జనం తికమక పడతారు. పెళ్లయింది, మొగుడున్నాడు, ఇంకా దేనికండీ? మొదట్లోది ఏదో చిన్నతనం అనుకుని మరిచిపోతారు."

చిన్నతనం. ఆ మాట గుర్తులక్కకు కొత్త కాదు. అయినా చురుక్కుమంది.

ఇరవై తొమ్మిదో ఏట వరకూ ఆరేళ్లు ఆమె ఒకామెతో కాపురం చేసింది. కామిక్స్ బొమ్మలకు రంగులు వేసే మనిషి, అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఎరుపూ నీలం పెన్సిళ్లు వాడే అలవాటు ఆమె దగ్గర అబ్బిందే. జ్వరం వచ్చి పిచ్చుక పోయింది. ఐదేళ్ల తర్వాత గుర్తులక్క ఒక బస్సు మెకానిక్కును ప్రేమించింది, చేసుకుంది. చుట్టాలు "హమ్మయ్య, ఆ పిచ్చి వదిలింది" అన్నారు. పిచ్చుక స్నేహితులు "ఇన్నాళ్లూ నటించిందన్నమాట" అన్నారు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుంటే, నీకు ఒకవైపే దెబ్బలు, నాకు రెండువైపులా అందట మద్దెల. ఆమె ఎప్పుడూ నటించలేదు. నటించేవాళ్లను రోజూ దగ్గర నుంచి చూసే మనిషికి ఆ తేడా తెలుసు.

దర్శకుడు గోళ్లు కొరుక్కుంటూ ఆమె వైపు చూశాడు. వస్తువుల గురించి తగవు వస్తే ఆ సెట్టులో పుస్తకానిదే ఆఖరి మాట.

"పుస్తకం ఏమంటోందక్కా?"

"రెండు ఫొటోలంటోంది. రెండో ఎపిసోడ్‌లో జనం చూసేశారు కూడా."

"ఎవరో తీసేశారనుకుంటారులేమ్మా" అన్నాడు చానెలాయన.

"ఎవరండీ? డాక్టరు తీస్తే ఆయన కుళ్లుబోతు అవుతాడు. ఆమె తీస్తే అబద్ధాలకోరు అవుతుంది. దానంతటది పడితే కింద గాజుపెంకులు ఉండాలి. మీరు ఏదంటే అది రాసుకుంటాను, చెప్పండి."

డాక్టరు వేషం వేసే నటుడు మేకప్ కుర్చీలోంచి అరిచాడు. "నన్ను మాత్రం కుళ్లుబోతును చెయ్యకండి బాబోయ్!"

సెట్టంతా నవ్వింది. చానెలాయనా సగం నవ్వాడు. నటుడు లేచివచ్చి గుర్తులక్క పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగా అయితే ఆయన ఏం చేస్తాడక్కా, ఆ ఫొటోని?"

"తుడుస్తాడు" అంది వెంటనే. "ఆదివారం పూట, చొక్కా అంచుతో. తుడిచి వంకరగా పెడతాడు. ఎన్నేళ్లు చెప్పినా తిన్నగా పెట్టడం చేతకాదు."

దర్శకుడు గోళ్లు కొరకడం ఆపాడు. పన్నెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నా ఆమె ఇంటి గోడ మీద ఏముందో అతను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. కెమెరా సిద్ధం చేయమన్నాడు.

పెళ్లయిన కొత్తలో మెకానిక్కు ఒక పెట్టె తెరిచి, పిచ్చుక ఫొటో చేతిలోకి తీసుకుని "ఈమేనా?" అన్నాడు. ఈమే అంది. "పెట్టెలో ఉంటే చెద పడుతుంది. మేకు ఎక్కడుంది?" అన్నాడు. అతను పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ మేకు పక్కన ఇంకో మేకు ఉంది. దాన్ని ఆమే కొట్టుకుంది.

దృశ్యం ఒకే టేకులో వచ్చింది. నటుడు ఫొటో తీసి, చొక్కా అంచుతో తుడిచి, వంకరగా పెట్టి, టీ తాగడానికి కూర్చున్నాడు. టీ మూడు వేళ్ల నుంచి రెండుకు వచ్చింది. చానెలాయన "ఎడిటింగులో చూద్దాం" అని వెళ్లిపోయాడు. గుర్తులక్క కళ్లద్దాల జతలు రెండూ మార్చి మార్చి చూసి చాలాసేపు రాసింది. ఆమెకు సంతోషంగా ఉంది.

సాయంత్రం ఎప్పటిలాగే పుస్తకాన్ని తన కుర్చీ మీద పెట్టింది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లే ఆనవాయితీ లేదు. మెడలో పెన్సిలు తీసి పేజీల మధ్యలో ఉంచింది. బస్సు దిగి మూడంతస్తులు ఎక్కుతూ మొదటి అంతస్తులో ఆగితే, అక్కడ ఉండే ఆడపడుచు తలుపు తీసింది.

"కిందకి మారిపో వదినా అంటే వినవు. ఆయాసం చూడు ఎలా వస్తోందో."

"మారితే మేకులన్నీ మళ్లీ కొట్టాలే."

మర్నాడు ఏడింటికి ఆమె సెట్టుకు రాలేదు. ఎనిమిదింటికి ఆడపడుచు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట.

రెండు రోజులు పని ఆపారు. మూడోరోజు సామాను మనిషి సెట్టంతా శుభ్రంగా దులిపి, అక్కకు నచ్చుతుందని, ఫొటోలు రెండూ తిన్నగా సర్దిపెట్టాడు. చానెలాయన ఫోన్ చేసి ఆ ఫొటో సంగతి ఎత్తాడు. దర్శకుడు పుస్తకం తెరిచాడు. ఆఖరి పేజీలో పొందికైన అక్షరాలు, నీలం రంగులో: "అలమర మీద ఫొటోలు రెండు. కుడివైపుది ఆయన తుడిచి పెట్టాడు, అరవేలు వంకర. సరిచేయకూడదు."

"పుస్తకంలో రెండున్నాయి సార్. రెండే ఉంటాయి" అని దర్శకుడు ఫోన్ పెట్టేశాడు. అలమర దగ్గరికి వెళ్లి, వేలు అడ్డంపెట్టి కొలిచి, కుడివైపు ఫొటోను అరవేలు వంచాడు. సామాను మనిషి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆరోజు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని మీద పుస్తకం, పుస్తకంలో రెండు కొసలూ చెక్కిన పెన్సిలు, అరిగి అరిగి బొటనవేలంత అయినది.